మెయిల్‌బాక్సుల మీద డాక్టరమ్మ బట్టలు

నాకు రాయడం అలవాటు లేదు. ఐదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఆ తర్వాత ఇన్నేళ్ళలో రాసినవన్నీ సరుకుల చీటీలే. ఏ వత్తు ఎక్కడ పెట్టాలో, వాక్యం ఎక్కడ ఆపాలో సరిగ్గా తెలియదు. ఇది చదివేవాళ్ళంతా పెద్ద చదువులు చదివినవాళ్ళని తలుచుకుంటే పెన్ను జారిపోతోంది. అందుకే ముందే తప్పు ఒప్పుకుని మొదలుపెడుతున్నాను. కాగితం మీద రాసిస్తే టైపు చేసేవాళ్ళు దిద్దుతామన్నారు. ఆ ధైర్యమే నాది.

రాయమన్నది డాక్టరమ్మ కూతురు. మా తెలుగు సంఘం వాళ్ళు ఈ ఏడాది పోయిన పెద్దవాళ్ళ గురించి వాళ్ళ పుస్తకంలో వేస్తారట.

"ఆంటీ, నాకు తెలుగు రాయడం రాదు. హాస్పిటల్ గురించి ఎవరో రాస్తారు. డొనేషన్స్ గురించి ఎవరో రాస్తారు. అమ్మ గురించి ఎవరు రాస్తారు? మీరు రాయండి," అంది ఫోన్లో.

"ఉన్నదున్నట్టు రాస్తే సంఘపోళ్ళు వేస్తరా బిడ్డా?" అన్నాను.

"వెయ్యకపోతే నేను చూస్కుంటా."

అచ్చం తల్లి గొంతే. కాదనలేకపోయాను.

డాక్టరమ్మ పేరు ఇక్కడ రాయను. ఆరేళ్ళలో నేను ఆమెను పేరుతో పిలిచింది లేదు, ఇప్పుడెందుకు? మేముండేది చికాగో పక్కన అరోరాలో. మా ఆయన హోటల్లో వంట చేస్తాడు. నేను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా డాక్టరమ్మ ఇంట్లో వంట, ఇంటి పని చేసేదాన్ని. ఆమె భర్త నేను చేరకముందే పోయారు. ఒక్కతే కూతురు, కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో ఉంటుంది. అంత పెద్ద ఇంట్లో డాక్టరమ్మ ఒక్కతే. డెబ్భై దాటిన మనిషి. తెనాలి పుట్టుక, నోరు కూడా తెనాలిదే.

నేను పనిలో చేరింది జనవరి నెలలో. మొదటిరోజు బెల్లు కొట్టాను. తలుపు తీసిన మనిషిని చూసి కెవ్వుమని అరిచాను. తలకి ముదురు గోధుమరంగు మంకీ క్యాపు. కళ్ళకి ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునే అద్దాలు. ముక్కు మీద, బుగ్గల మీద తెల్లగా ఏదో పూత. చేతులకి గ్లౌజుల బదులు ఉన్ని మేజోళ్ళు. కాళ్ళకి బూట్లు, బూట్లలోంచి బ్రెడ్డు ప్యాకెట్ల కవర్లు పైకి తేలి ఉన్నాయి. నేను దొంగే అనుకున్నాను.

"అరవకే! నేనే. కందిపప్పు నానబెట్టు, గంటలో వస్తా," అని దొంగ నన్ను తోసుకుంటూ బయటికి పోయాడు. అదే, పోయింది.

ఆరోజు బయట మైనస్ ఆరు. ఇక్కడి లెక్క వేరు. ముప్ఫై రెండు దగ్గరే నీళ్ళు గడ్డకడతాయి. సున్నా అంటే మన ఫ్రిజ్జు పై అరలో ఐసు పెట్టే చోటు. మైనస్ ఆరంటే ఆ ఐసు కూడా వణుకుతుంది. అలాంటి చలిలోకి ఆమె పరిగెత్తడానికి పోయింది. నేను కిటికీలోంచి చూస్తూ, ఇల్లు చూపించేవాళ్ళు కూడా లేరు, ఈమె పోతే నా మొదటిరోజే ఆఖరిరోజు అనుకున్నాను.

పరుగు అంటే మీరు పెద్దగా ఊహించుకోవద్దు. మోచేతులు రెండూ బయటికి పెట్టి, పెద్ద గంగాళంలో పులిహోర కలుపుతున్నట్టు ఊపుతూ, చిన్న చిన్న అడుగులు వేసేది. కుక్కని తిప్పుకునేవాళ్ళు ఆమెని దాటుకుని పోయేవాళ్ళు. ఒకసారి కర్ర పట్టుకున్న తాత కూడా దాటాడు. నేను అది చెప్తే ఒప్పుకోలేదు.

"వాడు నడుస్తున్నాడు. నేను పరిగెడుతున్నా. రెండిటికీ పోలికేంటి?"

"ఆయనే ముందు పోయిండు గద డాక్టరమ్మా."

"పోనీవే. పోయి ఏం పీకుతాడు అక్కడ?"

ఒకరోజు నేను జాలిపడి ముఖానికి కొబ్బరినూనె రాసుకోమన్నాను. మా అమ్మ చలికాలంలో అదే రాసేది. పాపం రాసుకుని పోయింది. ఆ చలికి నూనె ముఖం మీదే గడ్డకట్టి, తిరిగొచ్చేసరికి పిండిలో పడి లేచినట్టుంది. స్కూలు బస్సు కోసం నిలబడ్డ అమెరికా పిల్లలు, వాళ్ళు అంత చలిలో కూడా నిక్కర్లేసుకుని నిలబడతారు, ఆమెని చూసి రెండడుగులు వెనక్కి వేశారట. "నీ వైద్యం నా మీద చెయ్యకే," అని మళ్ళీ వాజిలిన్‌కి మారింది.

ఎందుకమ్మా ఈ కష్టం అని ఒకసారి అడిగాను. షుగరా, బీపీయా అని.

"నేను మత్తు డాక్టర్ని. ఆ పనేంటో తెలుసా నీకు? కోసేవాడు కోస్తాడు. మనం కదలకుండా కూర్చుని, పడుకున్నోడు ఊపిరి తీస్తున్నాడా లేదా చూస్తుండాలి. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఊపిరి చూశా. ఇప్పుడు నాది నేను చూసుకుంటున్నా. ఈ చలిలో అయితే కంటికి కనపడుతుంది కూడా."

అని వంటింటి తలుపు తీసి, బయటికి హా అని ఊది, తెల్లటి పొగ చూపించి, తలుపు వేసింది. వంటిల్లంతా చల్లబడింది. ఆమెకేం, పోపు మాడకుండా చూసుకోవాల్సింది నేను.

చలి ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. ఇక్కడ చలికి నిలకడ ఉండదు. శనివారం మైనస్ ఎనిమిది, మంగళవారం యాభై. మంచు కరిగి చూరులన్నీ కారుతాయి, జనం చొక్కాలతో తిరుగుతారు. బుధవారం మళ్ళీ పది. కరిగిన నీళ్ళన్నీ గడ్డకట్టి రోడ్డు అద్దం అయిపోతుంది. కూర గిన్నెని ఫ్రిజ్జులోంచి తీసి పొయ్యి మీద పెట్టి మళ్ళీ ఫ్రిజ్జులో పెట్టినట్టు, మనుషుల్ని పెడుతుంది ఈ ఊరు. కూర అయితే పారబోస్తాం.

దానికి డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. బయల్దేరేటప్పుడు ఒకదాని మీద ఒకటి అన్నీ వేసుకునేది. పరిగెత్తేకొద్దీ ఒళ్ళు వేడెక్కుతుంది, ఎండ కూడా వస్తుంది. అప్పుడు ఒక్కొక్కటే విప్పి, దారిలో వచ్చిన మెయిల్‌బాక్సుకి తగిలించేది. మా కాలనీలో ప్రతి ఇంటి ముందూ రోడ్డు వారగా కర్రకి మెయిల్‌బాక్సు ఉంటుంది. మలుపు దగ్గరి బాక్సు మీద పైన వేసుకునే జాకెట్టు. పచ్చ తలుపుల ఇంటి బాక్సుకి ఉన్ని స్వెట్టరు. ఇంకాస్త దూరంలో ఉన్న బాక్సు మీద మంకీ క్యాపు, దాని లోపల మేజోళ్ళు. చివర్లో చెరువు చుట్టూ ఒక పలచటి చొక్కాతో తిరిగేది. మళ్ళీ అదే దారిన వస్తూ, చల్లబడే ఒంటికి ఒక్కొక్కటే తొడుక్కుంటూ, ఇంటికొచ్చేసరికి ఎలా పోయిందో అలా తయారయ్యేది.

చూసేవాళ్ళకి మాత్రం, ఎవరో మనిషి రోడ్డు మీద విప్పుకుంటూ విప్పుకుంటూ మాయమైపోయినట్టు ఉండేది.

కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఉత్తరం పంపారు. మెయిల్‌బాక్సుల మీద బట్టలు పెట్టరాదని. డాక్టరమ్మ ఎర్ర పెన్ను తీసుకుని ఆ ఉత్తరంలో ఇంగ్లీషు తప్పులు దిద్ది, కింద పదికి నాలుగు మార్కులు వేసి తిరిగి పంపింది. మళ్ళీ ఉత్తరం రాలేదు. ఎదురింట్లో ఉండే ముసలాయన, ప్లంబరు పని చేసి మానేసినాయన, మాత్రం ఆ బట్టల మీద మంచు పడితే దులిపి పెట్టేవాడు. "డాక్, యు ఆర్ క్రేజీ," అనేవాడు కనపడినప్పుడల్లా. "యు ఆర్ ఫ్యాట్," అనేది ఈమె. ఇద్దరికీ అదే గుడ్ మార్నింగు.

ఈ పరుగు అంటే పడనిది కూతురికి ఒక్కదానికే. ఆమె తప్పు లేదు. తల్లి రెండువేల మైళ్ళ దూరంలో, గడ్డకట్టిన రోడ్డు మీద, డెబ్భై దాటిన ఎముకలతో పరిగెడుతుంటే ఏ కూతురు నిద్రపోతుంది? ఇరవై కంటే తక్కువుంటే అడుగు బయట పెట్టొద్దని ఒప్పందం చేయించుకుంది. వీధి తలుపుకి కెమెరా పెట్టించింది. డాక్టరమ్మ మర్నాటి నుంచి గ్యారేజీ పక్క తలుపులోంచి పోవడం మొదలుపెట్టింది. ఇక కూతురు రోజూ పొద్దున తొమ్మిదింటికి నాకే ఫోను చేసేది.

"ఆంటీ, ఇవాళ అక్కడ ఎయిట్ డిగ్రీస్. అమ్మ వెళ్ళిందా?"

"లేదమ్మా, ఇంట్లనే ఉంది."

"ఫోన్ ఇవ్వండి."

"బాత్రూంల ఉన్నరమ్మా."

రోజూ బాత్రూమే చెప్పేదాన్ని. నాకు వేరే అబద్ధం తట్టేది కాదు. మూడు వారాలు పోయాక ఒక పెట్టె వచ్చింది. తెరిచి చూస్తే ఆరు డబ్బాలు, మలబద్ధకానికి నీళ్ళలో కలుపుకుని తాగే పొడి. దాంతోపాటు కూతురు ఇంగ్లీషులో రాసిన చీటీ, డాక్టరమ్మ చదివి వినిపించింది: అమ్మా, రెండు పూటలా తాగు.

డాక్టరమ్మ ఆ డబ్బాలు బల్ల మీద వరసగా పెట్టి నా వైపు చూసింది.

"ఏం చెప్పావే దానికి?"

చెప్పాను.

"నలభై ఏళ్ళు సంపాదించిన పరువు! గుడికి పోయానని చెప్పొచ్చు కదే, పిచ్చిమొహమా!"

"రోజూ గంటన్నర గుడి అంటే నమ్ముతదా? మీ గురించి ఆమెకు తెల్వదా?"

"అదీ నిజమే," అంది. అంటూ ఒక డబ్బా మూత తీసి వాసన చూసి, "నారింజ," అంది. నవ్వలేక చచ్చాం ఇద్దరం.

ఇంతవరకు రాసింది నవ్వులాట. ఇక రాయబోయేది రాయాలా వద్దా అని మూడు రోజులు కాగితం పక్కన పెట్టాను. కానీ ఇది లేకుండా ఆమె గురించి రాసినా రాయనట్టే.

నాలుగో ఏడు, ఫిబ్రవరి నెల. మా ఆయన నడుము పట్టేసి రెండు నెలలుగా పనికి పోవడం లేదు. నా పని మీదే ఇల్లు నడుస్తోంది. ఆరోజు పొద్దున్నే యాభై రెండు. పక్షులు కూడా మోసపోయి అరుస్తున్నాయి. డాక్టరమ్మ కాస్త ఆలస్యంగా, పదింటికి బయల్దేరింది. కూతురి ఫోను అప్పటికే అయిపోయింది. అంత ఎండలో దాచడానికేమీ లేదు కాబట్టి, పరుగుకి పోతుందని నిజమే చెప్పాను.

నేను వంటింట్లో పప్పుకి పోపు పెడుతున్నాను. కిటికీలోంచి చూద్దును కదా, పడమటి వైపు ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. గాలి లేచింది. ఎదురింటి చెత్తడబ్బా దొర్లుకుంటూ పోయింది. దూరంగా, మలుపులో, మెయిల్‌బాక్సు మీద జాకెట్టు రెపరెపా కొట్టుకుంటోంది.

నా నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే. "అయ్యో, బట్టలు!"

మీలో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. మబ్బు పట్టిందంటే కాళ్ళు వాటంతట అవే డాబా మెట్లు ఎక్కుతాయి. ఊహ తెలిసినప్పటి నుంచి చేసిన పని. బుర్రతో దానికి సంబంధం లేదు. చేతిలో గరిటె అలాగే ఉంది, ఒంటి మీద వంటప్పుడు వేసుకునే నైటీ, కాళ్ళకి ఇంట్లో చెప్పులు. పరిగెత్తాను. మలుపులో జాకెట్టు లాగాను. పచ్చ తలుపుల ఇంటి దగ్గర స్వెట్టరు. అవతల క్యాపు, మేజోళ్ళు. అన్నీ గుండెకి అదుముకుని, ఒక్క చినుకు పడకుండా ఇంట్లోకి తెచ్చాను. సోఫా మీద పెట్టి, చక్కగా మడతలు కూడా వేశాను. తడవకుండా తెచ్చానని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయి మూకుడులో ఆవాలు వేశాను. అవి చిటపటమన్నాయి. కిటికీ మీద చినుకులు పడ్డాయి. చూస్తుండగానే ఆ చినుకులు గింజలయ్యాయి, గింజలు మంచయ్యాయి. కిటికీ బయట తగిలించిన థర్మామీటరు ముల్లు దిగుతూ ఉంది. ముప్ఫై. ఇరవై ఆరు.

అప్పుడు తట్టింది నాకు. అవి ఆరేసిన బట్టలు కావు.

పొయ్యి ఆపానో లేదో తెలియదు. మడతపెట్టిన బట్టలు చంకలో పెట్టుకుని మళ్ళీ పరిగెత్తాను. రోడ్డు అప్పటికే అద్దం. రెండుసార్లు పడ్డాను. మూడో మెయిల్‌బాక్సు దగ్గర కనపడింది. తడిసిన చొక్కా ఒంటి మీదే గడ్డకట్టి అట్టముక్కలా ఉంది. పెదాలు నీలం. మెయిల్‌బాక్సు మీద, పక్కన, కింద మంచులో చేత్తో తడుముతోంది, కళ్ళు కనపడనివాళ్ళలాగా. నన్ను చూసింది. చంకలో బట్టలు చూసింది. ఏమీ అనలేదు. డాక్టరమ్మ నన్ను తిట్టకుండా ఉండటం అదే మొదటిసారి. దవడలు బిగుసుకుపోయి మాట రాలేదని తర్వాత తెలిసింది.

చేతులు వంగక స్వెట్టరు ఎక్కలేదు. నేను ఆమెని వాటేసుకుని ఏడుస్తూ అరుస్తుంటే ఎదురింటి ముసలాయన ట్రక్కు వేసుకుని వచ్చాడు. ఇద్దరం కలిసి లోపల పడేశాం. హీటరు వేడికి నాలుగైదు నిమిషాలకి పళ్ళు టకటకలాడటం మొదలైంది. ఆ టకటకల మధ్యలోంచి మొదటి మాట వచ్చింది.

"పొ...య్యి... ఆపావా?"

ఆపలేదు. ఆమెని ఆస్పత్రిలో దించి ముసలాయన వెనక్కి వచ్చి చూస్తే ఇల్లంతా పొగ, మూకుడు నల్లగా బొగ్గు.

ఎడమ చెవి కొన పోయింది. రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. ప్రాణానికి భయం లేదన్నారు. నేను మంచం పక్కన నిలబడి ఉంటే, ఆమె కన్ను ఒకటి తెరిచి, నర్సు పోయిందో లేదో చూసి చెప్పింది.

"సాయంత్రానికి నా కూతురు దిగుతుంది. నేనే జాకెట్టు మర్చిపోయి పోయానని చెప్తా. మూకుడు కూడా నేనే మాడ్చా. నువ్వు నోరు మూసుకో."

"ఎందుకమ్మా? తప్పు నాది గద."

"తెలిస్తే ఈ పూటే నిన్ను మాన్పిస్తుంది. మీ ఆయన మంచంలో ఉన్నాడు. నోరు మూసుకోమన్నానా?"

నేను నోరు మూసుకున్నాను. సిగ్గుతో రాస్తున్నాను, రెండు రోజులు మూసుకున్నాను.

కూతురు వచ్చింది. తల్లి అబద్ధం విన్నది. మాడిన మూకుడు చూసింది. తిట్టలేదు, అరవలేదు. తిట్టినా బాగుండేది. ఇంటికి తెచ్చాక తల్లి ఎదురుగా కూర్చుని, మతిమరుపు చూసే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇవాళ ఏం డేట్? ఇది ఏ స్టేట్?"

"నీకు తెలీదా? టికెట్టు కొని వచ్చావు కదా."

"ప్లీజ్, అమ్మా. ఒక క్లాక్ డ్రా చెయ్యి."

కట్టు కట్టిన చేత్తో గడియారం వేసింది. కింద ఏదో రాసింది. కూతురు చదివి కాగితం బోర్లా పెట్టింది. తర్వాత నేను చూశాను. అర్థం కాక ముసలాయన్ని అడిగితే నవ్వి చెప్పాడు: నువ్వు మీ ఇంటికి పోయే టైమైంది అని రాసిందట.

కూతురు నవ్వలేదు. వంటింట్లోకి వచ్చి నాతో మెల్లగా అంది.

"ఆంటీ, స్టవ్ ఆన్ చేసి మర్చిపోయింది. వింటర్‌లో జాకెట్ మర్చిపోయింది. ఇంక ఒక్కతే ఉండలేదు. హౌస్ సేల్‌కి పెడుతున్నా. నాతో డబ్లిన్ తీసుకెళ్తా."

మూడోరోజు పొద్దున అట్టపెట్టెలు వచ్చాయి. డాక్టరమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తోంది. కాలిఫోర్నియాకి పోతే పరుగు పోతుంది, ఇల్లు పోతుంది, మతిపోయిందనే పేరు మిగులుతుంది. ఒక్క మాట చెప్తే ఆగుతుంది అదంతా. ఆమె చెప్పడం లేదు. నా కోసం చెప్పడం లేదు. కూతురు తల్లి పరుగు బూట్లన్నీ ఒక పెట్టెలో వేస్తోంది. ఆ పెట్టె మీద మార్కరుతో ఏదో రాసింది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"గివ్ అవే. ఇంక అవసరం లేదు కదా."

నేను పోయి ఆ పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆ పెట్టె మూయకు. మీ అమ్మ ఏం మర్వలేదు. జాకెట్టు వేసుకునే పోయింది. బాక్సు మీద పెట్టింది. నేనే తీస్కొచ్చిన. మూకుడు మాడ్చింది గూడ నేనే."

డాక్టరమ్మ కుర్చీలోంచి అరిచింది. "దానికి మతి లేదు. నమ్మకు!"

కూతురు నా భుజం మీద చెయ్యి వేసింది. "ఆంటీ, యు ఆర్ స్వీట్. అమ్మని కవర్ చేస్తున్నారు. నాకు తెలుసు."

నిజం చెప్తే నమ్మని మనిషిని ఏం చేస్తాం? ఎదురింటికి లాక్కుపోయాను. ముసలాయన తలుపుకి కెమెరా ఉంది, అది రోడ్డు వైపే చూస్తుంది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, చేతులతో చెప్పాను. ఆయన ఫోను తీసి వెతికాడు. అప్పటికే చూసినట్టున్నాడు, ముందే నవ్వుతున్నాడు.

అందులో నేను. నైటీలో. గరిటె పైకెత్తి పట్టుకుని, ఎవరినో కొట్టబోతున్నట్టు, రోడ్డుకి అడ్డంగా పరిగెడుతున్నాను. మెయిల్‌బాక్సు మీద బట్టలు లాక్కుని, అటూ ఇటూ చూసి, మళ్ళీ పరుగు. దొంగతనం అంటే ఎవరైనా నమ్ముతారు.

కూతురు మూడుసార్లు చూసింది. మూడోసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వు. నవ్వి నవ్వి ముసలాయన మెట్ల మీదే కూర్చుండిపోయింది. తర్వాత నిజంగానే ఏడ్చింది.

ఇంటికి వచ్చాక అడిగింది. "కానీ ఎందుకు తీశారు ఆంటీ? అమ్మ తిరిగి వస్తుంది కదా?"

"మబ్బు పట్టింది గద బిడ్డా."

"సో?"

ఆ పిల్ల ఈ దేశంలో పుట్టింది. బట్టలు మిషన్లో ఆరడమే చూసింది. ఎంత చెప్పినా నాకు చెప్పడం రాలేదు. డాక్టరమ్మే కుర్చీలోంచి చెప్పింది, ఇటు తిరక్కుండా.

"అక్కడ మబ్బు పడితే ఆడది ముందు బట్టలకి పరిగెడుతుందే. తర్వాతే పిల్లలకి. నిన్ను అక్కడ కని ఉంటే నువ్వు కూడా రెండోదానివే."

కూతురు వెనక తలుపు తీసుకుని బయటికి పోయింది. కోటు లేదు. పన్నెండు డిగ్రీలు. చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడింది. నోట్లోంచి పొగ వస్తూ ఉంది. నా ఉద్యోగం గురించి ఆలోచిస్తుందనుకున్నాను. లోపలికి వచ్చి, మార్కరుతో రాసిన ఆ పెట్టె తెరిచి, బూట్లు ఒక్కొక్కటే తీసి తలుపు పక్కన పెట్టింది.

"మెయిల్‌బాక్స్ వద్దు. ఆంటీ నీతో వస్తారు. అది ఓకే అయితే ఇల్లు ఉంచుతా."

"నాకు కాపలా ఎందుకే?"

"కాపలా కాదు. హ్యాంగర్."

డాక్టరమ్మ ఆ మాటకి ఓడిపోయింది. నా మీద మాత్రం కోపం పోలేదు. "అంత చక్కటి అబద్ధం చెప్పా. చెడగొట్టావు," అని ఆరోజు భోజనం అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. చారు ఇంకోసారి పోయమని గిన్నె మాత్రం ముందుకి తోసింది.

చెవి మానాక మళ్ళీ మొదలుపెట్టింది. రెండు చలికాలాలు నేను కూడా పోయాను. ఆమె పరుగు, నా నడక ఒకటే వేగం కాబట్టి ఇబ్బంది లేదు. ఆమె విప్పిన జాకెట్టు నేను తొడుక్కునేదాన్ని, దాని మీద స్వెట్టరు, ఆ పైన క్యాపు. చెరువు దగ్గరికి చేరేసరికి ఆమె సన్నంగా, నేను బస్తాలాగా. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కటే లాక్కునేది. "ఇంత చెమటేంటే, నువ్వేమైనా పరిగెత్తావా?" అని నన్నే తిట్టేది.

కూతురు ఫోను ఆగలేదు. కాకపోతే డిగ్రీలు చెప్పడం మానేసింది. వెళ్ళిందా అని కూడా అడిగేది కాదు. "తిరిగొచ్చిందా ఆంటీ?" అనేది, అంతే. వచ్చింది బిడ్డా అనేదాన్ని. అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయేసరికి ఆ ఫోను అంటే ఇష్టం పుట్టింది నాకు.

మొన్న మార్చిలో ఒకరోజు, నిన్న పది, ఇవాళ నలభై అన్నట్టుండే రోజు, ఇద్దరం పోయి వచ్చాం. చెరువు చుట్టూ ఒకటికి రెండుసార్లు తిరిగింది. బాతుల్ని తిట్టింది. ఇంటికి వచ్చి, తలుపు పక్కన బల్ల మీద కూర్చుని, ఒక బూటు విప్పి, "కాఫీ పెట్టు, పంచదార తగలెయ్యకు," అంది. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి గోడకి ఆనుకుని ఉంది. రెండో బూటు లేసు సగం విప్పి ఉంది. నలభై ఏళ్ళు ఆమె చూసిన పని ఆరోజు నేను చేశాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

తొమ్మిదయింది. ఫోను మోగింది.

"ఆంటీ, తిరిగొచ్చిందా?"

ముందు ఆ అడిగిన దానికే జవాబు చెప్పాను. "వచ్చింది బిడ్డా. మంచిగ తిరిగొచ్చింది." అది నిజం. ఆ పిల్ల సరే అని పెట్టేయబోతుంటే ఆగమని, కూర్చోమని, మిగిలింది చెప్పాను.

ఇంతే నాకు తెలిసింది. పెద్దావిడ గురించి రాయకూడనివి ఏమైనా రాసి ఉంటే, అక్షరాలు ఎక్కడైనా తప్పి ఉంటే, మనసులో పెట్టుకోకుండా నన్ను మన్నించండి. టైపు చేసేవాళ్ళని ఏమీ అనకండి, తప్పులన్నీ నావే.